ఆకుపచ్చ సున్నతో సవతి పోరు

మా మామగారు పిల్లనిచ్చేటప్పుడు నన్ను ఫొటోగ్రాఫరనుకున్నారు. సంబంధం తెచ్చినాయన "ఆస్పత్రిలో ఫొటోలు తీస్తాడు" అని చెప్పాడట. పెళ్ళయిన వారానికి ఆయన జరీ కండువా వేసుకుని, మీసం నూనెపెట్టి దువ్వుకుని, మా ఎక్స్-రే గదికి వచ్చి కూర్చున్నారు. నేను తీసిచ్చాను. పక్కటెముకలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మీసం యాడ పోయింది?" అని అడిగారు. ఆ రోజు నుంచి పోయేదాకా నా వృత్తి మీద ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రాలేదు, వచ్చినవాళ్ళ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ మజ్జిగ తాగాల్సి వస్తుంది. రిజిస్టర్లు నింపడం మీకు కోర్సులో నేర్పుతారు. కోర్సులో చెప్పనిది ఒకటుంది. ఈ పనిలో కిరణాలు తగిలి చెయ్యి పాడవుతుందని, సీసపు ఏప్రన్ మోసి నడుము పాడవుతుందని అందరూ భయపెడతారు. నిజమే, ఆ ఏప్రన్ పాలు మరిచిన దూడంత బరువు. దాన్ని మోసి మోసి నా నడుము యాభై రెండో ఏటే రాజీనామా చేసింది, దాని వెనక నేనూ చేశాను. కానీ అన్నిటికంటే ముందు పాడయ్యేది కడుపు. తిండి వల్ల కాదు. అసూయ వల్ల.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు వింటే నెల్లూరువాళ్ళు నాలుగు తరాల కిందట తప్పిపోయిన ముసలమ్మ తిరిగొచ్చినట్టు చూస్తారు. నాకు అక్షరాలు నేర్పింది మా వీధిలో కాపురమున్న గూడూరు రైల్వే గార్డు ఒకాయన. కాబట్టి ఇందులో మాటలు మావి, రాత ఆయనది. తప్పులుంటే ఆయన లెక్కలో వేయండి.

యాడుండాది?

డాక్టర్ వరదరాజ్ కారియాపట్టి వైపు నల్లరేగడి రైతుల బిడ్డ. ఎముకల డాక్టరు. ఆరడుగుల మనిషి, మాకు పన్నెండడుగులుగా కనిపించేవారు. తొంభైల మొదట్లో ఆయన కోవిల్‌పట్టిలో చిన్న నర్సింగ్ హోమ్ పెట్టినప్పుడు నేను చేరాను. అందరితో తమిళం మాట్లాడేవారు. కోపమొచ్చినా, నవ్వొచ్చినా, రోగికి తెలియకూడని మాట చెప్పాలన్నా నా వైపు తిరిగి ఇంటి తెలుగులోకి దిగేవారు. ఆ తెలుగు మా ఇద్దరికీ ప్రైవేటు టెలిఫోను.

తొంభైల నడుమ సీ-ఆర్మ్ వచ్చింది. ఏనుగు తొండంలా వంగిన ఇనప చెయ్యి అది. రోగి పడుకున్న బల్లకు కింద ఒక కొస, పైన ఒక కొస. పెడల్ తొక్కితే లోపలి ఎముకలు టీవీ తెర మీద అప్పటికప్పుడు కదులుతూ కనిపిస్తాయి. డాక్టరు విరిగిన ఎముకలోకి సన్నటి కంబి పంపుతారు. మా వైపు తీగనీ ఊచనీ అన్నిటినీ కంబి అనే అంటాం. దాని మొన ఎంతదాకా పోయిందో తెరలో చూసుకుంటూ ముందుకు పోవాలి. ఆ కంబి సరైన చోట ఆగితే దాని మీదుగా స్క్రూ ఎక్కిస్తారు. తప్పి అవతలికి పొడుచుకుపోతే కీలు పాడవుతుంది, రక్తనాళం తెగుతుంది, ఇంకా చెప్పను.

చెప్పడానికి సులువే. కానీ ఆనాటి తెర ఎలా ఉండేదంటే, దీపావళి మర్నాడు తెల్లవారిన శివకాశి ఆకాశంలా ఉండేది. ఆ పొగలో ఈగ కాలి గోరంత మొనను పట్టుకోవాలి. డాక్టరు చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు చేతుల మీద ఉంటాయి. అందుకని అడిగేవారు: "యాడుండాదప్పా?"

నేను చెప్పేవాణ్ణి. మా కొలత మిల్లీమీటరు కాదు, అగ్గిపుల్ల తల. ఊరి నిండా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు. తల ఎంతుంటుందో కళ్ళు మూసినా తెలుసు. "ఇంకా మూడు తలలుండాది సార్." "రెండు." "ఒకటిన్నర." "చాలు సార్, నిలపండి." నేను చెప్పినచోట ఆయన ఆపేవారు. ఇరవై వేల సార్లు చెప్పుంటాను, తగ్గించి రాస్తున్నాను.

ఇంకో ఆచారం ఉండేది మాకు. మా ప్రాంతంలో ఒంట్లో పాత ఇనుము లేని మనిషి అరుదు. బాణసంచా షెడ్డో, ప్రింటింగ్ ప్రెస్సో, లేత్ పట్టడో ఏదో ఒకటి లోపల ఒక ముక్క జ్ఞాపకంగా వదిలిపెడుతుంది. సాత్తూరాయన ఒకడి ఒంట్లో ముక్కలన్నీ ఏరితే ఒక మోస్తరు బకెట్టుకు పిడి అమరుతుంది. తెర మీద పాత ఇనుము, కొత్త కంబి రెండూ నల్లగానే ఉంటాయి. అందుకని డాక్టరు చేతులు కడుక్కుంటూ నన్ను తెలుగులో అడిగేవారు:

"ఇంట్లో ఇనుమేముండాది?"

ఇల్లంటే రోగి ఒళ్ళు. నేను ముందురోజే ఫిల్ములు చూసి పెట్టుకుని అప్పగించేవాణ్ణి. "ఎడమ తొడలో తమలపాకంత రేకు ఒకటి సార్. మోకాటి కింద రెండు గుండ్లు. మొలతాట్లో తాయెత్తు, విప్పనన్నాడు, పక్కకు తోసినా." ఆ తర్వాతే కత్తి ముట్టేవారు. తెలుగు తెలియని నర్సు ఒకామె అదేదో మా కులదైవం మంత్రమనుకుని, నేను చదువుతున్నంతసేపూ చేతులు జోడించి నిలబడేది. నేను ఎప్పుడూ సరిదిద్దలేదు. మనకు దండం పెట్టేవాళ్ళు ఏమంత మంది ఉంటారు.

పని అయ్యాక సాత్తూరు కారపు సేవు పొట్లం విప్పేవారు. మొదటి గుప్పెడు నా చేతిలో. బయటి డాక్టర్లెవరైనా వస్తే నా భుజం మీద చెయ్యేసి, "నా కన్నులు ఇతనే" అనేవారు. ఆ మాట విన్న రోజు నేను ఇంటికి నడిచి పోలేదు. తేలుతూ పోయాను.

సవతి వచ్చింది

రెండువేలు దాటాక డాక్టరు విరుదునగర్‌లో పెద్ద ఆస్పత్రి కట్టుకున్నారు. నన్నూ తీసుకుపోయారు. ఓ రెండు మూడేళ్ళు బాగానే నడిచింది. అప్పుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పొన్మణి అనే లెక్చరరమ్మ వచ్చింది. ముప్పై లోపు వయసు, చురుకైన మనిషి, తమిళం తప్ప తెలుగు రాదు. ఆవిడతోపాటు చక్రాల బల్ల మీద ఒక కంప్యూటరు వచ్చింది.

సీ-ఆర్మ్ చూపించే బొమ్మను వైరు గుండా అందులోకి తోసేవారు. అది చూసి, కంబి మొన ఎక్కడుందో వెతికి, దాని చుట్టూ ఆకుపచ్చ సున్న చుట్టేది. పక్కన ఒక అంకె: ఎముక అంచుకు ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు. కంబి కదిలితే సున్న దానివెంటే పరుగెత్తేది, ఏసుప్రభువు వెనక గొర్రెపిల్లలాగ. టీ తాగదు. తుమ్మదు. "ఉండండి సార్, కంట్లో చెమట పడింది" అనదు.

మొదటి రోజు డాక్టరు ఆ సున్నను చూసి నవ్విన నవ్వు, తన పెళ్ళి ఫొటోలో కూడా నవ్వలేదు. నేను ఆ ఫొటో చూశాను కాబట్టి చెప్తున్నాను.

దానికి జరిగిన మర్యాదలు వినండి. కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ తిప్పారు. నేను చేరిన రోజు నాకు నిమ్మరసం కూడా ఇవ్వలేదు. దాని మీదికి దుమ్ము రాకుండా పూల గుడ్డ కుట్టించారు. కరెంటు పోతే అది స్పృహ తప్పకుండా యూపీఎస్ పెట్టారు. వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పారు. దూడను మోస్తూ పదిహేనేళ్ళుగా ఉడికిపోతున్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు, ఒక్కరూ ఫ్యాను తిప్పలేదు. చివరికి ఒకరోజు పని అయ్యాక డాక్టరు సేవు పొట్లం విప్పి, మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆ కంప్యూటరు పెట్టె నెత్తిన పెట్టారు. మొదటి గుప్పెడు పొన్మణి చేతిలో పోశారు.

ఆ పూట నేను అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే మా ఆవిడ రంగమ్మాళ్ అడిగింది.

"ఏమి, ముద్ద దిగలే?"

"ఆస్పత్రిలో ఒకతి వచ్చిండాది. అయ్యగారికి ఇప్పుడు అన్నీ ఆమే."

గరిటె ఆగిపోయింది. "ఎవురామె?"

"మిషన్."

రంగమ్మాళ్ నా వైపు జాలిగా చూసి, రసం పోసింది. "ఊరిలో మొగోళ్ళు ఆడోళ్ళకోసం కొట్టుకుంటారు. మిషన్‌తో కొట్టుకునేవాడు నాకే దొరికినాడు."

నిజం చెప్పాలి. ఆ సున్న బాగానే పనిచేసేది. పదింట తొమ్మిది సార్లు నాకంటే ముందు పట్టేది. పొన్మణి మంచి మనిషి, దాచేది కాదు. "చెన్నై పెద్దాస్పత్రి బొమ్మల మీద నేర్పించానన్నా. సన్నగా, నిటారుగా ఉన్న గీతను చూసి దాని కొసను పట్టుకుంటుంది" అని తనే చెప్పింది. నాకు వెంటనే తట్టింది: చెన్నైవాళ్ళ ఒంట్లో పాత ఇనుముండదు, మావాళ్ళ ఒళ్ళు తెరిస్తే పాత సామాను కొట్టు. ఆ ముక్క ఆవిడతో అనాలి. అనలేదు. లడ్డూ దాచుకున్నట్టు దాచుకున్నాను.

డాక్టరు తప్పూ ఉంది. మంచి అధికారులకు ఒక జబ్బుంటుంది. పదిమందిలో మెచ్చుకుంటారు, కొత్త వస్తువు రాగానే మరిచిపోతారు. కంబి పంపేటప్పుడు పైనుంచి ఒక చిత్రం, పక్కనుంచి ఒక చిత్రం చూడాలన్నది పాత నియమం. సున్న వచ్చాక టైమ్ మిగులుతోందని పక్క చిత్రాలు తగ్గించేశారు. ఇనుము సంగతి అడగడమూ మానేశారు. చేతులు కడుక్కుంటూ పొన్మణి వైపు తిరిగి, "రెడీయామ్మా?" అనేవారు, అంతే.

తాయిల్‌పట్టి మనిషి

సుబ్బులచ్చుమి తాయిల్‌పట్టి నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, బాణసంచా షెడ్డులో పని. లోడు వ్యాను దిగుతూ కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. వెంట వచ్చినవాళ్ళు తమిళంలో మాట్లాడి చేర్పించారు. ఆమె కూడా తమిళంలోనే జవాబు చెప్పింది.

ముందురోజు ఆమె ఫిల్ము చూశాను. తుంటి వెనక కండలో ఒక సన్నటి కంబి ముక్క. అగ్గిపుల్లంత పొడుగు, చీపురు పుల్లంత నిటారు. మత్తాపు కంబి అని చూడగానే తెలిసింది. మా వైపు మత్తాపు అంటే కాకరపువ్వొత్తి. దాని నడుమ ఉండే తీగ అది. ఎప్పటిదో ప్రమాదంలో లోపల నాటుకుపోయింది. ఉన్నది కండలోనే అయినా, పైనుంచి చూసే చిత్రంలో సరిగ్గా తుంటి కీలులోని ఎముక బంతి మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. డాక్టరూ ఆ ఫిల్ము చూశారు. ఆయన కళ్ళు విరిగినచోటు దాటలేదు. ఇన్నేళ్ళుగా ఇనుము నా వంతు కదా.

మర్నాడు పొద్దున ఆపరేషన్. డాక్టరు చేతులు కడుక్కుంటున్నారు. నేను అప్పగింత నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన పొన్మణి వైపు తిరిగి, "రెడీయామ్మా?" అన్నారు. "రెడీ సార్" అంది. నా వైపు తిరగలేదు.

అడగందే అమ్మయినా పెట్టదు. నేనెందుకు పెట్టాలి అనుకున్నాను. మింగేశాను.

నడుము కింద మొద్దుబారే మందిచ్చారు. మనిషి మెలకువగానే ఉంటుంది. తెర ఆమె నెత్తి వెనక ఉంది. నేను ఆమె భుజం దగ్గర, కాలు పెడల్ మీద పెట్టుకుని నిలబడ్డాను. వణుకుతోంటే తమిళంలో చెప్పాను, "భయపడకమ్మా, నన్నే చూస్తా ఉండు" అని. పళ్ళు బిగించి నా మొహం మీద చూపు నిలిపింది.

డాక్టరు కాలు లాగి ఎముక సరిచేస్తూ తెలుగులో అన్నారు. "ఏమప్పా, ఈమె కాలు లాగితే బల్ల కూడా వస్తాదే."

"బల్లేంది సార్, తాయిల్‌పట్టే వస్తాది" అన్నాను. ఇద్దరం ముసుగుల్లో నవ్వుకున్నాం. ప్రైవేటు టెలిఫోను కదా.

కంబి లోపలికి పోవడం మొదలుపెట్టింది. తెర మీద సున్న దాని మొనను పట్టుకుని నడుస్తోంది. పక్కన అంకె: పద్నాలుగు, పన్నెండు, పది. మొన బంతిలోకి చేరగానే మత్తాపు కంబి నీడతో కలిసింది. అక్కడ సున్న ఒక్కసారి తడబడి, గెంతి, పాత కంబి కొస మీద కూర్చుంది. అంకె ఎనిమిది దగ్గర నిలిచిపోయింది. అసలు మొన దాన్ని దాటి ముందుకు పోతోంది. నాకు స్పష్టంగా కనబడుతోంది. అంచుకు రెండు తలలు.

డాక్టరు తెరవైపు ఒకసారి చూశారు. ఎనిమిది. డ్రిల్లు నొక్కారు.

ఒకటిన్నర తలలు.

ఇక్కడ నేను పెంచి రాయను. ఈ ఒక్కచోట కొలతలు ఖచ్చితంగా ఇస్తాను. రెండు ఊపిర్లు. ఆ రెండు ఊపిర్ల సేపు నేను మాట్లాడలేదు. "నిలపండి సార్" అంటే చాలు. నోరు పెగలకపోతే పెడల్ మీది కాలు ఎత్తినా చాలు, తెర ఆరిపోతుంది, ఆయన ఆగిపోతారు. ఎత్తలేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్న మాట ఇది: తప్పు పోనీ, ఒక్క వెంట్రుక తప్పు పోనీ, అప్పుడు తెలుస్తాది ఆయన కన్నులు ఎవరో.

"అయ్యా, కొంచెం నిలపండి."

తెలుగు. గుడ్డ చాటు నుంచి, బల్ల మీది నుంచి మా ఇంటి తెలుగు. డాక్టరు చెయ్యి గాల్లో బొమ్మయిపోయింది.

"నా లోపల పాత మత్తాపు కంబి ఒకటుండాది అయ్యా" అంది సుబ్బులచ్చుమి. "ఎవురూ అడగలేదే."

డాక్టరు నా వైపు చూసి, చేతితో సైగ చేశారు. సీ-ఆర్మ్‌ను అడ్డంగా తిప్పి పక్క చిత్రం తీశాను. అందులో రెండు కంబులూ విడివిడిగా కనబడ్డాయి. పాతది దూరంగా కండలో. కొత్తది బంతి అంచున, సగం తల మిగిలి. సగం తలంటే అగ్గిపుల్ల గీసేముందు మందు రాలితే మిగిలేదంత. పొన్మణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కంబిని వెనక్కు లాగి, అడుగడుగుకూ పక్క చిత్రం చూసుకుంటూ మళ్ళీ పంపారు. స్క్రూ చక్కగా కూర్చుంది.

కుట్లు వేస్తుండగా ఆమె మళ్ళీ అంది. "ఇంకొకటి అయ్యా. కాలు లాగితే తాయిల్‌పట్టి వస్తాదంటిరే, వస్తే బాగుండు. బస్సెక్కే పని తప్పును."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. నావి ఏ రంగయ్యాయో నాకు కనబడదు. బయటికొచ్చాక ఆయన ముసుగు తీసి నన్ను అడిగారు.

"గురుసామి, నువ్వు సూడలేదా?"

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో.

"సూడలేదు సార్" అన్నాను. "కన్ను మసకేసింది."

పవర్ లేని అద్దాలు

అసూయపరుడని అనిపించుకోవడం కంటే గుడ్డివాడని అనిపించుకోవడం మేలనుకున్నాను. ఆ పూట తోచిన తెలివి అది. నాకున్నదే రెండు కళ్ళ పేరు. ఆ పేరును నా చేత్తోనే గోతిలో పెట్టాను.

"వయసవుతాది కదప్పా, పరీక్ష చేయించుకో" అని డాక్టరు కంటి డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన అక్షరాలన్నీ చదివించి, కింద అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా నేను చదివేసరికి బోర్డు దించేశాడు. "గద్దకు కూడా ఇంత చూపుండదు, నీకు అద్దాలెందుకయ్యా?" అన్నాడు. ఉత్త గాజు పెట్టించుకున్నాను. నల్లటి లావు ఫ్రేము, దూరానికి గంభీరంగా కనబడాలని.

రంగమ్మాళ్ వాకిట్లోనే పట్టేసింది. "అద్దాలేసుకున్నాక నేనెట్లుండా?"

"అట్లే ఉండావు."

"అయితే అద్దాలు సరిగా లేవు. మార్చుకో పో."

ఆస్పత్రిలో ఏం జరిగిందంటే, నేను గెలిచాను. డాక్టరు ఆ కంప్యూటరుకు పూల గుడ్డ కప్పించి మూలకు తోయించారు. ఫ్యాను నావైపు తిరిగింది. కానీ "యాడుండాదప్పా?" అని నన్నూ అడగలేదు. మసక కళ్ళవాణ్ణి ఎవరడుగుతారు. ప్రతి అడుగుకూ సీ-ఆర్మ్ తిప్పించి తనే చూసుకునేవారు. గంట పని రెండు గంటలయింది, అందరి ఒంట్లోకీ కిరణాలు రెండింతలయ్యాయి. సవతులిద్దరమూ ఒకే మూలలో నిలబడ్డాం, ఒకరికి గుడ్డ, ఒకరికి కళ్ళద్దాలు.

పొన్మణి మాత్రం వస్తూనే ఉంది. గుడ్డ తీసి, ఆ రోజు బొమ్మలు మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసేది. "నా తప్పేనన్నా. ఆమెకేదైనా అయ్యుంటే?" అనేది. కళ్ళు ఉబ్బి ఉండేవి. నేను అద్దాలు తుడుచుకుంటూ నిలబడేవాణ్ణి. తుడవడానికి అందులో ఏమీ లేదు.

మేస్త్రీ మొహం

ఆరు వారాలకు సుబ్బులచ్చుమి నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని పరీక్షకు వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి సరిచేస్తుంటే నన్ను పరకాయించి చూసింది.

"అద్దాలెప్పుడొచ్చినాయన్నా?"

"ఆ పొద్దు కన్ను మసకేసిందమ్మా. అందుకే కంబి కనపడలే."

"అబద్దం" అంది, ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా. "నాకు ఆ తెర కనపడలే. నా నెత్తి వెనక ఉండె. నన్నే సూస్తా ఉండు అంటిరి కదా, మీ మొగమే సూస్తా ఉంటి. ఉన్నట్టుండి మీ మొగం మారె. మా షెడ్డులో మందు పక్కన నిప్పురవ్వ పడితే మేస్త్రీ మొగం ఎట్ల మారునో, అట్ల. అది సూసే నోరు తెరిస్తి. నా లోపల కంబి తప్ప వేరే దోషం లేదే అని అది చెప్పితి."

నేను ఫిల్ము పెట్టె బిగించాను. విప్పాను. మళ్ళీ బిగించాను.

"సూసి ఎందుకన్నా చెప్పలే?"

"ఎవురూ అడగలేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే పిల్లిలా వినబడింది.

ఆమె నవ్వలేదు. "మా షెడ్డులో ఎవురు ముందు సూస్తే వాళ్ళే అరవాల. మేస్త్రీ అయితేనేమి, ఊడ్చేదైతేనేమి. అడిగేదాకా ఉంటే, అడిగేవాడు ఉండడు." కొంగు సర్దుకుని, "అయ్యగారితో నేను చెప్పలే. చెప్పేది మీరు" అంది. తర్వాత ఊపిరి బిగబట్టింది, నేను తీయమన్నట్టు. తీశాను. ఎముక చక్కగా అతికింది.

చెప్పాను

అదే రోజు మధ్యాహ్నం డాక్టరు గదికి పోయి, అద్దాలు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని పెట్టుకుని, గోడ మీది క్యాలెండరు చూసి, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇందులో ఏమీ లేదే."

"లేదు సార్. కన్నులోనూ ఏమీ లేదు. ఆ పొద్దు సూసినా. రెండు ఊపిర్లు చెప్పలేదు."

"ఎందుకప్పా?"

"సేవు పొట్లం దాని నెత్తిన పెట్టినారు సార్."

ఆయన తిడతారని చూశాను; ఆ పన్నెండడుగుల మనిషి తిడితే విరుదునగర్ స్టేషన్లో రైళ్ళు ఆగుతాయి. తిట్టలేదు.

"అడగకపోయింది నా తప్పు" అన్నారు. "దాన్ని నేను మోస్తా. నీది నువ్వు మోయి. ఆ అమ్మ కాలు మన ఇద్దరి కొట్లాటకి వచ్చిన పొలం గట్టు కాదప్పా." లేచి కిటికీ దాకా పోయి వచ్చారు. "నాకు చెప్పేది ఆ కంప్యూటర్‌కి చెప్పు పో. ఒక్క కంబి వదలకుండా. అది నేర్చుకునేదాకా నీకు సేవు లేదు."

మూడు నెలల మధ్యాహ్నాలు పొన్మణి పక్కన కూర్చున్నాను. మొదటి రోజే ఆవిడకూ నిజం చెప్పాను. ఆవిడ ఆ రోజు బొమ్మను మళ్ళీ తెర మీదికి తెచ్చి, "దానికి తెలియక ఊరుకుందన్నా. మీరు తెలిసీ ఊరుకున్నారు" అంది. తర్వాత మౌస్ నా ముందుకు జరిపింది. మా పాత బొమ్మలన్నీ బయటికి తీశాం. ఒక్కో బొమ్మ మీద నేను వేలు పెట్టినట్టు చుక్క పెట్టాలి: ఇది మొన, ఇది మత్తాపు కంబి, ఇది తాయెత్తు, ఇది సాత్తూరాయన బకెట్టు పిడి. లక్ష చుక్కలు పెట్టాను. పొన్మణిని అడిగితే తక్కువ చెప్తుంది, నమ్మకండి.

రెండు మార్పులు పట్టుబట్టి చేయించాను. బొమ్మలో రెండు కంబులు కలిస్తే సున్న చుట్టకూడదు, ఆరిపోయి కూత పెట్టాలి. రెండోది, పని మొదలుకాక ముందు తెర మీద ఒక ప్రశ్న రావాలి. దానికి జవాబు కొట్టనిదే సున్న పుట్టదు. ఆ ప్రశ్నను నేను చెప్తుంటే పొన్మణి అర్థం తెలియకుండానే తమిళ అక్షరాల్లో కొట్టింది: "ఇంట్లో ఇనుమేముండాది?" కోవిల్‌పట్టి నుంచి మాతో వచ్చిన ఆ పాత నర్సు, తెర మీద అది కనబడగానే చేతులు జోడించేది. అప్పుడు మళ్ళీ కాస్త మండింది. ఆ దండం నాది.

మీకు నేను చెప్పేది ఇంతే. మీ పక్కన ఏ మిషన్ వచ్చి నిలబడినా, మీరు ముందు చూస్తే మీరే అరవండి. కుళ్ళుకోవద్దని చెప్పను, నేను ఆపలేకపోయాను, మీరూ ఆపలేరు. నోటితో అరుస్తూ కడుపులో కుళ్ళుకోవచ్చు. రెండూ ఒకేసారి చేయడం కుదురుతుంది, అలవాటు చేసుకోవాలి.

నా ఆఖరి కేసు కూడా తుంటే. ముసలాయన, ఒంట్లో ఇనుము లేదు. కంబి పోతోంది. సున్న దాని మొన మీద నిలకడగా కూర్చుంది, ముక్కుమీది పుడకలాగ. వేరే చిత్రం అక్కర్లేదు, వేరే కన్ను అక్కర్లేదు. అయినా డాక్టరు తల ఎత్తకుండా అడిగారు.

"యాడుండాదప్పా?"

చూశాను. తప్పు కోసం చూశాను, దాచను. ఒక వెంట్రుక వాసి దొరుకుతుందేమోనని పైనుంచి చూశాను, పక్కనుంచి చూశాను. దొరకలేదు. పదిహేడేళ్ళలో వేలసార్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను గానీ, అంత బరువైన జవాబు ఎప్పుడూ నోట్లో పెట్టుకోలేదు.

"సున్న ఉన్నచోటే ఉండాది సార్."

పని అయ్యాక మొదటి గుప్పెడు సేవు నా చేతిలో పడింది. తిని, చెయ్యి తుడుచుకుని, దూడను చివరిసారి కొయ్యకు తగిలించాను. జేబులోంచి ఆ నల్ల ఫ్రేము అద్దాలు తీసి కంప్యూటరు నెత్తిన పెట్టి వచ్చాను. దానికీ ఎప్పుడైనా అబద్ధమాడాల్సిన పని పడితే పనికొస్తాయి.